గెడ్డ ఎదురుతన్నిన రాత్రి

ఇంజను తిరుగుతోంది.
నీళ్లు రావటం లేదు.
జ్ఞానాపురంలో రాత్రి రెండున్నర,
మోకాలి పైదాకా గెడ్డ.
పోటు మీదున్న సముద్రం పుచ్చుకోనంటే
వెనక్కొచ్చి ఇళ్లలో కూర్చుంది.

"పంపు సచ్చిపోనాది మేస్త్రీ" అన్నాడు అసిరి.

చావలేదురా, చెయ్యి పెట్టి చూడు.
రాడ్డు ఎక్కుతోంది, దిగుతోంది,
రబ్బరు ఉబ్బుతోంది, నొక్కుకుంటోంది.
ఇది మోనోబ్లాకు కాదు,
నోట్లో నీళ్లు పోసి బతిమాలక్కర్లేదు.
గాలి మింగినా కాలిపోదు,
బురద మింగినా అరిగించుకుంటుంది.
చూడ్డానికొచ్చినవాళ్లు గుండెలా ఉందంటారు.
గుండెకి స్పేరు దొరకదు.
దీని రబ్బరు గాజువాక ఆటోనగర్లో
బేరమాడితే తగ్గించి ఇస్తారు.

ముందు ఇంజన్ని తిట్టడం మానెయ్.
దాని పని అది చేస్తోంది.
నిన్న సాయంత్రం ఫిల్టరు విప్పి దులిపింది నువ్వే కదా,
పోర్టు బొగ్గుపొడి దోసెడు రాలింది.
ఈ వీధిలో మనుషులు పీల్చేదే అదీ పీలుస్తుంది.
దానికైతే వారానికోసారి దులిపేవాడున్నాడు.

ఇప్పుడు రాడ్డు మొదట్లో తడుము.
వాన తడేనా, బురద తగిలిందా?
వాన తడే అయితే రబ్బరు చిరగలేదు.
సక్షన్ గొట్టానికి చెవి ఆనించు.
ఈల సన్నగా వినపడిందా,
గాలి దొంగచాటుగా దూరుతున్నట్టు.
నాకు వినపడదు.
ముప్పయ్యేళ్లు ఈ మోతల పక్కన నిలబడి
సన్న చప్పుళ్లన్నీ పోగొట్టుకున్నాను.
అందుకే గ్రీజు.
జాయింటు చుట్టూ వేలితో పూస్తాను,
ఎక్కడ లోపలికి గుంటపడితే అక్కడ కన్నం.
ఈరినాయుడు నేర్పిన విద్య ఇది.
చూపు పోయాక ఆయన
ఆ గుంటని కూడా వేలితోనే చూసేవాడు.

గుంటపడలేదు.

జల్లెడ పైకెత్తాం.
పాలకవర్లు, ఒక తాయెత్తు,
ఎవరిదో నానిపోయిన కరెంటు బిల్లు.
లాగి పారేసి మళ్లీ తాడు గుంజాం.
గొట్టం వణికింది,
గుక్కెడు కక్కి ఊరుకుంది.

ఆ వణుకు చెప్పింది నాకు.
లోపలి తలుపు పడటం లేదు.
మింగిన గుక్కే వెనక్కి,
వెనక్కి పోయిందే మళ్లీ పైకి,
ఇంతసేపూ ఒకే గుక్క.

ఇంజను ఆపు.
ఆపకుండా చెయ్యి పెట్టకు,
నా ఎడమచెయ్యి చూశావుగా, నాలుగే.

మూతకి బోల్టులు నాలుగు.
టార్చి అసిరి పళ్ల మధ్య.
ఒక బోల్టు జారి గెడ్డపాలైంది,
తిట్టుకునే తీరిక లేదు.
చెయ్యి దూర్చి లాగితే
నీలంరంగు హవాయి చెప్పు బద్దీ.

"ఎవల్దమ్మా ఇది?" వాడు గట్టిగా అరిచాడు.
మంచాల మీద, మెట్ల మీద, ఆటో సీట్ల మీద
నిలబడ్డ వీధంతా
ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంది.
ఒక్కరూ నాది అనలేదు.

బోల్టులు ఎదురెదురుగా బిగించు, వరసన కాదు.
నాలుగోదాని చోట కట్టుతీగ.
ఊ, లాగు.

డబుక్.
కాసేపు ఏమీ లేదు.
డబుక్, డబుక్,
రైలుకట్ట అవతల గొట్టం మూతి
నల్లగా నవ్వడం మొదలెట్టింది.

తెల్లారేసరికి గడపలు ఒక్కొక్కటే పైకొచ్చాయి.
అసలు చిక్కు అప్పుడు.
ఉప్పు బురద లోపలే ఎండితే
రేపటికి రెండు తలుపులూ సిమెంటు.
మంచినీళ్లతో కడిగి పడుకోబెట్టాలి.
కుళాయి వచ్చి మూడు రోజులైంది.
రాత్రంతా నీళ్లు తోడినవాళ్లం,
కడగటానికి చుక్క లేదు.

సిసీలమ్మ అటక మీంచి బిందె దించింది,
ఉన్న రెండిట్లో ఒకటి.
"దీనికీ దాహమేటి బావూ?"
"దాహం కాదమ్మా, పుక్కిలింత."

నాలుగు గుక్కల్లో బిందె అయిపోయింది.
ముందు బొగ్గు రంగు, తరవాత టీ రంగు,
నాలుగోది ఫర్వాలేదు.

ఆమె బిందె వంచి చూసి
అడుగున మిగిలిన గరిటెడూ
చేతులు కడుక్కోమని అసిరి దోసిట్లో పోసింది.
వాడు తాగేశాడు.

నాలుగో బోల్టు కొనాలి.
మర్చిపోతే గుర్తుచెయ్యండి.